చివరి వాటా ఎవరిది?

మూటల ఉద్యోగం

బుక్కరాయసముద్రంలో మా ఇంటికి అప్పుడప్పుడు పిల్లలు వస్తుంటారు. అనంతపురం కాలేజీల్లో చదువు ముగించుకుని, సహాయ సంస్థల్లో చేరాలని ఉబలాటపడేవాళ్ళు. చెరువు మీది గాలికి వసారాలో కూర్చుని, కాఫీ గ్లాసు చేతికి రాగానే అడిగే మొదటి ప్రశ్న ఒకటే: "సార్, మీరు తుపాకులు చూసినారా?"

చూశాను. కానీ తుపాకుల కంటే మూటలు ఎక్కువ చూశాను. జొన్న మూటలు, పప్పు మూటలు, ఉప్పు, నూనె డబ్బాలు. వాటిని ఎక్కించడం, దించడం, వానకు తడవకుండా చూసుకోవడం, పురుగు పట్టకముందే మనిషి నోటికి చేర్చడం. ఇదీ నా ఉద్యోగం. ఈ మాట చెప్పగానే పిల్లల ముఖాలు వాడిపోతాయి.

వాడిపోనక్కరలేదు. మా బంధువుల్లో ఇంత సంతోషంగా ఉద్యోగం చేసినవాడు ఇంకొకడు లేడు. బ్యాంకులో పనిచేసిన మా బావమరిది రిటైరైన రోజున "అబ్బ, బతికిపోయినా" అన్నాడు. నేను రిటైరైన రోజున భోరున ఏడ్చాను. పూలదండ వేయడానికి వచ్చినవాళ్ళు కంగారుపడి మంచినీళ్ళు తాగించారు.

నాకు ఏ యేడు ఏ హోదా ఇచ్చారో ఇక్కడ రాయను. అది మా ఆవిడకే గుర్తులేదు, మీకెందుకు? నన్ను మనిషిగా మలిచిన ఒక ఆఫీసరమ్మ గురించి, నాతో గొడవపడి నాకు ఇష్టమైపోయిన ఇంకొక ఆఫీసర్ గురించి, ముళ్ళచెట్టు కింద పోసిన ఒక జొన్న కుప్ప గురించి రాస్తాను. ఆ కుప్ప ఉన్న దేశం పేరు మాత్రం చెప్పను. ఆఫ్రికాలో ఒక దేశం అనుకోండి. కొట్లాట ఆగినా, పేరు ఎత్తితే ఎవరో ఒకరికి ఇంకా నొప్పి పుడుతుంది.

శకుంతలమ్మగారి దగ్గర

మాది శింగనమల. నాయనది వానను నమ్ముకున్న చేను. శెనక్కాయ వేస్తే కొన్నేళ్ళు కాయ వచ్చేది, చాలా ఏళ్ళు కట్టె మాత్రం వచ్చేది. నేను డిగ్రీ అయ్యి ఊరికే తిరుగుతున్న కాలంలో పెద్ద కరువు పడింది. అనంతపురంలో ఒక స్వచ్ఛంద సంస్థ, చెరువు పూడిక తీసినవాళ్ళకు కూలికి బదులు గింజలు ఇచ్చే పని పెట్టింది. అందులో గోడౌన్ గుమాస్తాగా చేరాను. గోడౌన్ పెత్తనం శకుంతలమ్మగారిది. పొట్టి మనిషి. గొంతు మాత్రం గోడౌన్ ఈ చివర నుంచి ఆ చివరకు మైకు లేకుండా వినపడేది.

మొదటిసారి నన్ను పంపిణీకి పంపినప్పుడు నేను జనాన్ని గీత గీసినట్టు వరుసలో నిలబెట్టాను. ఎంత బాగా నిలబెట్టానా అని నాకే ముచ్చటేసింది. జీపు దిగిన శకుంతలమ్మగారు అటూ ఇటూ చూసి నా మీదికి వచ్చారు.

"ఏమప్పా ఓబులేసూ, ఇదేమన్నా బడిలో డ్రిల్లా? ముసలోళ్ళను ఎండలో నిలబెట్టి నువ్వు నీడలో కుర్చీ వేసుకున్నావే! లెయ్. నువ్వు ఆ ఎండలోకి పో, వాళ్ళను ఈడ కూర్చోబెట్టు."

లేచాను. ఆ తరువాత ఏ దేశం పోయినా ముందు నీడ ఎక్కడుందో వెతికి, ఆ తరువాతే లారీలు ఎక్కడ ఆపాలో చూసేవాడిని. నా కింద పనిచేసినవాళ్ళకు నేనంటే విసుగు పుట్టింది ఎక్కువగా ఈ విషయంలోనే. పుట్టనీ.

ఆమె రెండో పాఠం వంట. కొత్త సరుకు ఏది వచ్చినా ముందు గోడౌన్ వెనక పొయ్యి పెట్టించి మా చేత వండించి తినిపించేవారు. ఒకసారి ఎక్కడి నుంచో గట్టి పప్పు వచ్చింది. పొద్దున పొయ్యి మీద పెడితే మధ్యాహ్నానికి కూడా గులకరాళ్ళ మాదిరి అట్లాగే ఉంది.

"ఈ బ్యాళ్ళు ఉడికేలోపల ఊర్లో ఉండే కట్టెలన్నీ అయిపోతాయి. పంపినోళ్ళకే పంపించెయ్" అన్నారు. పంపినవాళ్ళు పెద్దవాళ్ళు. అయినా ఆమె లెక్కచేయలేదు. వేరే పప్పు వచ్చేదాకా ఫోను కింద పెట్టలేదు. తిండి పంపేవాడికి ఏది సులువు అని కాదు, వండేవాళ్ళకు ఏది సులువు అని చూడాలి. ఈ ఒక్క ముక్క తెలియని పెద్ద పెద్ద నిపుణులతో నేను తరువాత చాలాసార్లు గొంతు చించుకోవాల్సి వచ్చింది.

జొన్నల దేశం

కొన్నేళ్ళకు ఒక విదేశీ సహాయ సంస్థలో అవకాశం వచ్చింది. నాతోపాటు మస్తాన్ కూడా ఎంపికయ్యాడు. మస్తాన్ అనంతపురం పాతూరువాడు, లారీల మధ్యే పుట్టి పెరిగినవాడు. లారీ నడపడమే కాదు, దారిలో చచ్చిన ఇంజనుకు అక్కడికక్కడే ప్రాణం పోసేవాడు. చిన్న విమానం నుంచి దిగి ఎర్రమట్టి, ముళ్ళచెట్లు, దూరాన జొన్నచేలు, మేకల గుంపులు చూసి నడుము మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు.

"ఏమన్నా ఇది, ఇంత దూరం మోసకొచ్చి మళ్ళా శింగనమలలోనే దించినారే!"

ఆ దేశంలో యుద్ధం ముగిసి సంతకాలు అయ్యాయి. కానీ ఊళ్ళు వదిలి పారిపోయిన జనం ఇంకా ఒక ఏటి ఒడ్డున శిబిరంలో ఉన్నారు. ఏటికి అవతల, లారీకి ఒక పూట దూరంలో వాళ్ళ ఊళ్ళు. వాన కాలం మొదలైతే ఏరు నిండుతుంది, లారీలు దాటవు. మా పని, శిబిరంలో నెల నెలా తిండి పంచడం. ఇళ్ళకు తిరిగి పోయేవాళ్ళకు పంట చేతికొచ్చేదాకా సరిపోయే తిండి, విత్తనాలు, పారలు ఇచ్చి ఏరు దాటించడం. దాన్ని మేము ఇంటిదారి తిండి అనేవాళ్ళం.

అక్కడి జనం మాట్లాడుకునే బజారు అరబ్బీ నాకు కొన్నాళ్ళకు పట్టుబడింది. మస్తాన్‌కు అంత ఓపిక లేదు. ఇంట్లో మాట్లాడే ఉర్దూలోంచి మాటలు విసిరేవాడు. కొన్ని తగిలేవి. తగలని వాటికి చేతులు తిప్పేవాడు.

అచోల్‌ను అక్కడే చూశాను. ఏటి అవతలి ఒక ఊరి జనానికంతా ఆమే పెద్ద. తాటిచెట్టంత పొడవు, నడివయసు. ఆమె మాటలు ఇక్కడ మా ఊరి యాసలోనే రాస్తాను. నాకు ఆ గొంతు అట్లాగే వినపడేది. అదే మొండితనం, అదే ఎకసెక్కెం.

కొత్త జొన్నపిండి వచ్చిన రోజున శకుంతలమ్మగారి పద్ధతి ప్రకారం మస్తాన్, నేను పొయ్యి పెట్టి సంగటి కెలికాము. శెనక్కాయలు వేయించి, ఎండుమిరపకాయలు వేసి ఊరిబిండి నూరాము. అచోల్ వచ్చి ఒక ముద్ద తుంచి, బిండిలో అద్దుకుని నోట్లో వేసుకుంది. కళ్ళల్లో నీళ్ళు కారుతున్నా నమిలింది.

"ముద్ద బాగుండాది. దీన్ని మాత్రం మీ ఊర్లో శత్రువులకు పెడతారా?" అంది.

మస్తాన్ పడిపడి నవ్వాడు. ఆ రోజు నుంచి మమ్మల్ని ఆమె తన లెక్కలో వేసుకుంది.

ముళ్ళచెట్టు కింద కుప్ప

మా కొత్త ఆఫీసర్ పేరు హెండ్రిక్. చలిదేశం మనిషి, ఎండకు ముఖం టమాటా అయ్యేది. మాట కరుకు, పని నిజాయితీ. వచ్చిన కొత్తలోనే ఒక విషయం పట్టేశాడు. పంపిణీ అయిపోగానే అచోల్ ఊరివాళ్ళు ఎవరి గుడిసెకు వాళ్ళు పోవడం లేదు. మూటలన్నీ మోసుకుని శిబిరం చివర ఉన్న పెద్ద ముళ్ళచెట్టు కిందికి పోతున్నారు. అక్కడ చాపల మీద అన్నీ విప్పి ఒకే కుప్పగా పోస్తున్నారు. చుట్టూ మొగవాళ్ళు కర్రలు పట్టుకుని నిలబడుతున్నారు.

హెండ్రిక్ నన్ను పిలిచి తలుపు మూశాడు. "ఇంతకుముందు నేను పనిచేసిన చోట ఇట్లాగే జరిగింది. మేము ఇచ్చిన తిండిని ఇచ్చినట్టే కర్రలవాళ్ళు లాక్కున్నారు. నాకు ఆలస్యంగా తెలిసింది. అప్పటికే పిల్లలు చిక్కి శల్యమయ్యారు. మళ్ళీ అట్లా జరగనివ్వను. ఆ ఊరికి ఇంటిదారి తిండి ఆపేస్తున్నాను."

ఆయన కోపంలో తప్పు లేదు. కానీ ఆకాశం అప్పటికే మబ్బు పడుతోంది. ఇప్పుడు ఆపితే ఏరు నిండుతుంది. ఏరు నిండితే ఆ ఊరు విత్తనం వేయలేదు. ఇంకొక ఏడాదంతా అదే శిబిరంలో, మా మూటల కోసం చెయ్యి చాచుకుని కూర్చోవాలి. అప్పటికే ఆ పిల్లల్లో కొందరికి తమ ఊరు ఎట్లా ఉంటుందో తెలియదు. అచోల్ రోజూ ఏటి ఒడ్డుకు పోయి నీళ్ళు ఎంత ఉన్నాయో చూసి వచ్చేది.

నేరుగా పోయి ఆమెనే అడిగాను. "మేమిచ్చింది మళ్ళీ కుప్ప పోస్తారెందుకు? ఎవరన్నా బెదిరిస్తున్నారా?"

ఆమె నన్ను కిందికీ మీదికీ చూసింది. "మీ ఇంట్లో చట్టిలోది ఎవురికెంత పెడతారో నేనెప్పుడన్నా అడిగినానా?"

ఇక లాభం లేదని, తరువాతి పంపిణీ రోజు ముళ్ళచెట్టు కిందికి పోయి ఒక పక్కగా కూర్చున్నాను. వద్దని ఎవరూ అనలేదు. కుప్ప పోశారు. అచోల్ ఒక సొరబుర్ర తీసుకుని కొలిచి చిన్న కుప్పలు వేయడం మొదలుపెట్టింది. బాలింతకు ఒక బుర్ర ఎక్కువ. మొన్ననే అడవిలోంచి వచ్చి, ఇంకా మా రేషన్ కార్డు అందని కుటుంబాలకూ కుప్పలు పడ్డాయి. ఒంటరి కుర్రాళ్ళకు బుర్ర కొంచెం వెలితిగా పడింది. వాళ్ళు మూతులు ముడుచుకున్నారు, అంతే. ఇంతలో మేకల మంద ఒకటి వాసన పట్టి వచ్చింది. కర్రలు పట్టుకున్న మొగవాళ్ళు హో హో అని అరుస్తూ వాటి వెంట పడ్డారు. ఒక మేక నోటి నిండా జొన్నలు కరుచుకుని తప్పించుకుంది. ఆ కర్రలు దేనికో నాకు అప్పుడు తెలిసింది.

అందరూ తమ తమ కుప్పలు ఎత్తుకున్నాక చాప మీద ఒకటే మిగిలింది. అచోల్ దాన్ని తన గుడ్డలోకి వంచుకుంది. చాప దులిపి రాలిన గింజలు కూడా ఏరుకుంది. అందులో సగం మట్టే.

నాకు మా ఊరు గుర్తొచ్చింది. శింగనమలలో నలుగురూ కలిసి పొట్టేలు కోసుకున్నప్పుడు కుప్పలు వేసేది మా నాయన. కుప్పలు వేసిన మనిషి అందరూ తీసుకున్నాక, మిగిలింది తీసుకోవాలి. మాకు ఎప్పుడూ మెడ ఎముకలే వచ్చేవి. అమ్మ తిట్టేది: "కత్తి పట్టేది నువ్వు, బొమికలు తెచ్చేది మనింటికా?" నాయన నవ్వి, "మన కుప్ప ఏదని ముందే తెలిస్తే చెయ్యి వంకర పోతాది లేవే" అనేవాడు. భూమికి ఆ కొసన ఆ చెట్టు కింద కూర్చుని నేను మా నాయనను తలుచుకుని ఒక్కడినే నవ్వుకున్నాను.

బక్రీదు మాంసం

హెండ్రిక్‌కు ఇదంతా చెప్పాను. ఆయన ఓపికగా విన్నాడు.

"ఓబులేసూ, కథ బాగుంది. కానీ మీ ఊరి మాంసం కథ విని నేను గోడౌన్ తాళాలు తీయలేను. రేపు ఒక బిడ్డ చిక్కిపోతే నేను ఎవరికి ఏం చెప్పుకోవాలి?"

నాకు కోపం వచ్చింది, బల్ల గుద్దాను కూడా. ఆయన కూడా గుద్దాడు. ఇద్దరం ఎవరి దారిన వాళ్ళం పోయాము. పిల్లలూ, ఒక మాట చెబుతాను. పై ఆఫీసర్ మీ మాట ఒప్పుకోనప్పుడు వాడు మూర్ఖుడని తీర్పు ఇచ్చెయ్యకండి. ఆయన భయం ఎక్కడ నుంచి వచ్చిందో చూడండి. హెండ్రిక్ భయం చచ్చిపోయిన బిడ్డల నుంచి వచ్చింది. దానికి కాగితం మీద జవాబు లేదు.

జవాబు మస్తాన్ దగ్గర దొరికింది. ఆ వారమే బక్రీదు. మస్తాన్ ఒక మేకపోతును కొన్నాడు. వాళ్ళ పద్ధతిలో మాంసం మూడు భాగాలు: ఇంటికి ఒకటి, అయినవాళ్ళకు ఒకటి, లేనివాళ్ళకు ఒకటి. అక్కడ ఇల్లు లేదు, అయినవాళ్ళు ఎక్కడో ఉన్నారు కాబట్టి, వాడికి అచోల్ ఊరి ఆడవాళ్ళు, గోడౌన్ హమాలీలు, మేమే అన్నీ. అందరినీ పిలిచాడు. మాంసం కోయడం అయ్యాక హెండ్రిక్ దగ్గరికి పోయి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. మాట నా చేత చెప్పించాడు.

"సార్‌ను కుప్పలు వెయ్యమను అన్నా. పెద్దమనిషి కదా."

హెండ్రిక్ మురిసిపోయాడు. పోయి వంటింట్లోని తూకం తెచ్చాడు. ఒక్కొక్క కుప్ప తూచి, ఒక ముక్క తీసి, ఒక ముక్క వేసి, నుదుటి చెమట తుడుచుకుంటూ సమానంగా పేర్చాడు. అందరం చుట్టూ కూర్చుని చూస్తున్నాము. పని ముగించి, సంతృప్తిగా లేచి, పక్కనే ఉన్న కుప్పను మామూలుగా తన ప్లేటులోకి ఎత్తుకున్నాడు.

ఆడవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆ తరువాత అచోల్ నవ్వింది. ఎట్లాంటి నవ్వు! హమాలీలు, మస్తాన్, నేను, అందరం అందుకున్నాము. హెండ్రిక్ అర్థం కాక బిత్తరపోయాడు. అచోల్ లేచి ఆయన చేతిలోని ప్లేటు తీసుకుని, కుప్పను మళ్ళీ ఆకు మీద పెట్టి, ఆయన భుజం పట్టి వరుస చివర కూర్చోబెట్టింది.

"కుప్పలేసినోడివి నువ్వే కదప్పా. అందరూ ఎత్తుకున్నాంక నువ్వు."

నేను ఇంగ్లీషులో చెప్పాను. ఆయన కూర్చున్నాడు. ఒక్కొక్కరే వచ్చి ఎత్తుకున్నారు. కవలపిల్లల తల్లి రెండు కుప్పలు తీసుకుంది, ఎవరూ కిమ్మనలేదు. హెండ్రిక్ తన కుప్పల వైపు ఒక్కొక్కటిగా చూస్తున్నాడు. తూకం సమానమే. కానీ ఒకదాంట్లో తొడకండ, ఇంకొకదాంట్లో బొమికలు, కొవ్వు. చివరికి ఆయనకు మిగిలింది మెడ ముక్క. దాన్ని చేతిలో అటూ ఇటూ తిప్పి చూశాడు.

"చివర నేనే తీసుకోవాలని తెలిసి ఉంటే, కుప్పలు ఇంకా బాగా వేసి ఉండేవాడిని" అన్నాడు.

మా నాయన మాటే. ఇంగ్లీషులో విన్నాను. ఆ మనిషిని అక్కడికక్కడే వాటేసుకోవాలనిపించింది. వాటేసుకున్నాను కూడా. ఆయన చెమట, నా చెమట కలిసి ఇద్దరి చొక్కాలూ పాడయ్యాయి.

అయినా ఆయన అప్పటికప్పుడు తాళాలు తీయలేదు. దానికి నేను ఆయన్ను ఇంకా మెచ్చుకుంటాను. తరువాతి పంపిణీ రోజు తనే ముళ్ళచెట్టు కిందికి పోయి, ఖాళీ నూనె డబ్బా బోర్లించి దాని మీద పొద్దుటి నుంచి కూర్చున్నాడు. మేకలు వస్తే కర్ర తీసుకుని తనూ తరిమాడు. అందరి కుప్పలూ లేచాయి. అచోల్ చాప దులుపుకుంది. హెండ్రిక్ డబ్బా మీది నుంచి లేచి ఆమెకు నమస్కారం లాంటిది ఒకటి చేశాడు. నా వైపు తిరిగాడు.

"మస్తాన్‌ను బండ్లు తియ్యమను."

ఏరు దాటడం

ఇక మాకు తిండీ నిద్రా పట్టలేదు. ఇంటిదారి తిండిని కుటుంబానికి ఇంత అని విడగొట్టకుండా, ఊరి మొత్తానికి కలిపి ఇచ్చేశాము. పంచుకోవడం వాళ్ళ పని. హెండ్రిక్ తన పైవాళ్ళతో మాట్లాడి ఒప్పించాడు, ఎట్లా ఒప్పించాడో నేను అడగలేదు.

లారీల మీద జొన్నలు, విత్తనాలు, పారలు, వాటి మీద ముసలివాళ్ళు, పిల్లలు, కోళ్ళు. మిగతావాళ్ళు పశువులతో నడిచి ముందే ఏటి ఒడ్డుకు చేరారు. చివరి లారీ నీళ్ళలోకి దిగేటప్పటికి చినుకులు మొదలయ్యాయి. ఏటి మధ్యలో చక్రం ఇసుకలో దిగబడింది. పిల్లలు ఏడుపు అందుకున్నారు. మస్తాన్ కిటికీలోంచి తల బయట పెట్టి కేకలు వేశాడు.

"ఏయ్, ఏడ్సొద్దండప్పా! నా బండి హంపాపురం వంక దాటింది, ఇదొక లెక్కా?"

ఎవరికీ ఒక్క ముక్క అర్థం కాలేదు. కానీ ఆ గొంతులోని ధైర్యం అర్థమైంది. అచోల్ నీళ్ళలోకి దిగి భుజం ఆనించింది. ఆమె వెనక ఊరంతా దిగింది. నేను, హెండ్రిక్ కూడా దిగాము. తోసి, తోసి, లారీ ఒక్కసారిగా ఒడ్డెక్కినప్పుడు ఆడవాళ్ళు నాలుక ఆడిస్తూ పెట్టిన కేక ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. అందరినీ ఊరిదాకా చేర్చి, ఖాళీ బండ్లతో మేము తిరిగి ఇవతలికి వచ్చిన కాసేపటికే ఏరు నిండుగా పారింది. వానలో తడుస్తూ ఒడ్డున నిలబడి పిచ్చివాళ్ళలా నవ్వుకున్నాము.

ముందు ఎవరు తీసుకున్నారు?

ఇది చదివి, జనం కుప్ప పోస్తే చాలు అంతా మంచే అనుకోకండి. కొంతకాలం తరువాత ఇంకొక శిబిరంలో అట్లాంటి కుప్పనే చూశాను. అక్కడా చాపలు, అక్కడా కర్రలు. కానీ కొలవకముందే నల్లకళ్ళద్దాల మనిషి ఒకడు వచ్చి, మంచి మూటలు ఏరి తన బండిలో వేయించుకున్నాడు. ఆడవాళ్ళు నేల చూపులు చూస్తున్నారు. ఎవరూ నవ్వడం లేదు. ఆ రోజే హెండ్రిక్, నేను పంపిణీ ఆపి, గుడిసె గుడిసెకూ తిరిగి చేతికి ఇచ్చే ఏర్పాటు చేశాము. హెండ్రిక్ భయం అక్కడ పనికొచ్చింది.

నలభై పేజీల మార్గదర్శకాలు మీకూ ఇస్తారు. చదవండి. కానీ చెట్టు కింద కూర్చుని ముందు ఎవరు తీసుకున్నారు, చివర ఎవరు తీసుకున్నారు, మధ్యలో ఎవరైనా నవ్వారా అని చూడండి. నా ఉద్యోగంలో నేను నేర్చుకున్నదంతా దాదాపు ఇదే.

నిండు లారీ

పంట కోతలు అయ్యాక కూడా ఒక విడత తిండి ఇవ్వాలని మా నియమం. ఏరు తగ్గగానే లారీ నింపుకుని మస్తాన్, హెండ్రిక్, నేను అచోల్ ఊరికి పోయాము. లోపల ఎంత కంగారుగా ఉండిందో చెప్పలేను. విత్తనం మొలిచిందా, జొన్న కంకి పట్టిందా, మిడత తినేసిందా, మాకేమీ తెలియదు.

ఊరి మలుపు తిరగ్గానే మస్తాన్ బ్రేకు వేశాడు. గుడిసెలకు కొత్త గడ్డి. మంచెల మీద ఎర్రజొన్న కంకులు ఎండుతున్నాయి. వాకిళ్ళలో శెనక్కాయ కుప్పలు. ఒక ముసలామె రాతి మీద గింజలు నూరుతూ, తల ఎత్తకుండానే ఏదో పాడుకుంటోంది. మస్తాన్ స్టీరింగు మీద తల ఆనించి "యా అల్లా" అన్నాడు. హెండ్రిక్ ముఖం ఎప్పటికన్నా ఎర్రగా అయ్యింది, అది ఎండకు కాదు.

మేము దిగి లారీ వెనక తలుపు తీయబోతుంటే అచోల్ వచ్చింది.

"మూసెయ్యండప్పా. మాకు ఉండాది."

హెండ్రిక్ చెప్పించాడు: "ఇది మీకు రావాల్సింది. మీ హక్కు."

"మాదే అయితే యాడికి పోవాల్నో మేమే చెప్తాం కదా" అంది ఆమె. "ఏటికి అవతల శిబిరంలో ఇంకా ఉండారు జనం. ఇప్పుడిప్పుడు వస్తాండారంట. వాళ్ళకు పొయ్యండి."

అంతటితో ఆగలేదు. వెనక్కి తిరిగి కేక పెట్టింది. ఆడవాళ్ళు తలల మీద మూటలు పెట్టుకుని వరుసగా వచ్చారు. తమ చేలో పండిన జొన్నలు. మా మూటల మీద వాటిని ఎక్కించడం మొదలుపెట్టారు.

"చాలు తల్లీ, బండి కింద పట్టీలు విరుగుతాయి!" అని మస్తాన్ మొత్తుకున్నాడు.

"నీ బండి సంగతి నువ్వు సూసుకో. మా జొన్నల సంగతి మేం సూసుకుంటాం" అంది అచోల్.

నింపుకుపోయిన లారీ పోయినప్పటి కంటే బరువుగా వెనక్కి వచ్చింది. దారి పొడుగునా మస్తాన్ పాడుతూనే ఉన్నాడు. నేను సంతోషం పట్టలేక ఏడుస్తూ కూర్చున్నాను. హెండ్రిక్ నా వైపు చూడకుండా తన చేతిగుడ్డ అందించాడు.

మరునాడు సాయంత్రం శిబిరంలో పంపిణీ పెట్టాము. అడవుల్లోంచి అప్పుడే వచ్చిన కుటుంబాలు నీడలో కూర్చుని ఉన్నాయి. ఒక పడుచు తల్లి, చంకలో బిడ్డ, తన వంతు రాగానే విప్పిన మూటలో చెయ్యి పెట్టింది. గింజలు తీసి, అరచేతిలో రుద్ది, ఊది, ఒకటి పంటి కింద వేసుకుంది. ఆగిపోయింది. మళ్ళీ ఇంకొకటి కొరికింది.

"ఇది ఓడలో వచ్చింది కాదే. ఈ యేటి గింజ. యాడిది?" అంది.

ఏటికి అవతలిదని చెప్పాను. ఏ ఊరిదో కూడా చెప్పాను. వాళ్ళ ఊరికి అది పక్క ఊరట. ఆమె గుప్పెడు గింజలు పట్టుకుని వెనక్కి తిరిగి, నీడలో ఉన్న తనవాళ్ళందరికీ వినపడేట్టు కేక పెట్టింది.

"ఆడ పండుతాండాదంట!"

ఆ తరువాత నా వైపు తిరిగింది. తిండి ఎంత ఇస్తారని గానీ, ఎన్నాళ్ళు ఇస్తారని గానీ అడగలేదు.

"మమ్మల్ని ఎప్పుడు దాటిస్తారు?" అని అడిగింది.